కళ్లు తిరిగితే కళ్లనే చూడాలి: తలతిరుగుడు పరీక్షల్లో ఏది దేనికి?

"కళ్లు తిరుగుతున్నాయి డాక్టరు గారూ" అన్న ఒక్క మాట కింద తెలుగులో కనీసం నాలుగు వేర్వేరు బాధలు దాక్కుంటాయి. గది గిర్రున తిరిగినట్టుండేది ఒకటి. కూర్చున్నవాడు లేవగానే కళ్లు బైర్లు కమ్మేది ఇంకొకటి. తలలో ఏ బాధా లేకుండా నడకలో మాత్రం తూలేది మూడోది. తలంతా దిమ్ముగా, నేల మీద కాళ్లు ఆననట్టుగా ఉండేది నాలుగోది. నాలుగింటికీ కారణాలు వేరు, చేయాల్సిన పరీక్షలూ వేరు. అయినా చాలాసార్లు నలుగురూ ఒకే కట్టతో ఇంటికొస్తారు: మెడ ఎక్స్‌రే, మెదడు స్కాన్, రక్తపరీక్షలు. అన్నిటి మీదా "నార్మల్" అనో, "మెడ ఎముకల అరుగుదల" అనో రాసి ఉంటుంది. తిరుగుడు మాత్రం తగ్గదు.

మొదటి రకం విషయంలో మన నుడికారం అక్షరాలా నిజం. గది తిరుగుతున్నట్టు అనిపించే సమయంలో కనుగుడ్లు నిజంగానే కదులుతుంటాయి. ఒక వైపుకి నెమ్మదిగా జారి, చటుక్కున వెనక్కి గుంజుకుంటాయి. దీన్నే నిస్టాగ్మస్ అంటారు. తల కుడికి తిరిగితే కళ్లు అంతే వేగంతో ఎడమకు తిరిగి చూపును నిలబెడతాయి. ఆ పని చేయించేది లోపలి చెవిలోని అర్ధవర్తుల కుల్యలు, అంటే అరవలయంలా వంగిన సన్నని గొట్టాలు. చెవికి మూడు చొప్పున (వెనుక, అడ్డ, పై) రెండు వైపులా ఉండే ఈ కుల్యల నుంచి, తల కదలకపోయినా మెదడుకు సమానంగా సంకేతాలు వెళుతూనే ఉంటాయి. ఒక వైపు సంకేతం తగ్గితే, తల రెండో వైపు తిరుగుతోందని మెదడు పొరబడుతుంది. కళ్లు ఆ లేని తిరుగుడును సరిదిద్దడానికి జారతాయి. కన్ను ఏ దిక్కుకు గుంజుతోంది, ఎంతసేపు, ఏం చేస్తే ఆగుతోంది అన్నది చూస్తే లోపం ఏ చెవిలో, ఏ కుల్యలో, లేక మెదడులోనా అన్నది చాలావరకు తేలుతుంది. తలతిరుగుడు పరీక్షల్లో ఎక్కువ భాగం కళ్ల మీద చేసేవే కావడానికి కారణం ఇదే.

పరీక్షకు ముందు రెండు ప్రశ్నలు

ఎలా ఉంది అన్న ప్రశ్న కంటే ఎంతసేపు ఉంది, దేనితో మొదలైంది అన్న ప్రశ్నలే ఎక్కువ పనికొస్తాయి. పక్క మీద దొర్లినప్పుడో, అటక మీదకు తలెత్తి చూసినప్పుడో నిమిషంలోపు తిరిగి ఆగిపోతే అది చెవిలోని రేణువులు జారిన జబ్బు, బీపీపీవీ. ఇరవై నిమిషాల నుంచి పన్నెండు గంటల దాకా తిరిగి, దానితో పాటు ఒక చెవిలో హోరు, దిబ్బడ, వినికిడి తగ్గుదల ఉంటే మెనియర్స్ జబ్బు గుర్తుకు రావాలి. ఐదు నిమిషాల నుంచి మూడు రోజుల దాకా ఎంతసేపైనా ఉండి, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడమో ఒక పక్క తలనొప్పో తోడైతే మైగ్రేన్ తిరుగుడు. రోజుల తరబడి ఆగకుండా తిరిగితే చెవి నాడి వాపు కావచ్చు, చిన్నమెదడులో పక్షవాతమూ (అక్కడ రక్తం ఆగడమో కారడమో) కావచ్చు.

ఇక్కడ మాట పట్టుకునేటప్పుడు జాగ్రత్త అవసరం. "రోజంతా తిరిగింది" అన్నవాళ్లలో చాలామందికి అసలు తిరుగుడు అరనిమిషమే ఉంటుంది, మిగతా రోజంతా ఉన్నది వికారం, దిమ్ము. "కదలకుండా పడుకుంటే పూర్తిగా ఆగిందా?" అని అడిగితే తేడా తెలుస్తుంది. ఇంకో మెలిక కూడా ఉంది. తల కదిపితే ఏ తిరుగుడైనా ఎక్కువవుతుంది, పక్షవాతం వల్ల వచ్చినదైనా సరే. ఏమీ లేని స్థితి నుంచి కదలికతో మొదలవడం వేరు, ఉన్నది కదలికతో పెరగడం వేరు. ఈ రెంటినీ కలిపేసి చెవి జబ్బే అనుకోవడం అత్యవసర విభాగాల్లో జరిగే పెద్ద పొరపాట్లలో ఒకటి.

లేచినప్పుడే వచ్చే బైర్లకు రక్తపోటు కొలిచే పట్టీ చాలు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి కొలిచి, నిలబెట్టి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ కొలవాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే కారణం దొరికినట్టే. కూర్చోబెట్టి ఒక్కసారి కొలిస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు వాడే పెద్దవాళ్లకు ఈ కొలత తప్పకుండా తీయాలి.

మంచం మీద చేసే పరీక్ష

తలతిరుగుడుతో వచ్చేవాళ్లలో బీపీపీవీ చాలా మామూలు. యుట్రికిల్ అనే తిత్తిలో ఉండాల్సిన కాల్షియం కార్బొనేట్ రేణువులు ఊడి కుల్యలోకి జారతాయి. తల వాల్చినప్పుడల్లా అవి కుల్యలోని ద్రవాన్ని కదిపి తప్పుడు సంకేతం పుట్టిస్తాయి. ఎక్కువగా వెనుక కుల్యలోకే జారతాయి, ఎందుకంటే నిలబడినా పడుకున్నా కిందికుండేది అదే. ఈ రేణువులు స్కాన్‌లో కనబడవు. వీటిని పట్టే పరీక్షను మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ 1952లో లండన్‌లో వర్ణించారు. దానికి కావాల్సింది ఒక మంచం, రెండు చేతులు.

రోగిని మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెట్టాలి. వెనక్కి వాలితే తల అంచు దాటేలా, లేదా భుజాల కిందకు దిండు వచ్చేలా ముందే చోటు సరిచూసుకోవాలి. కుడి చెవికైతే తలను కుడికి 45 డిగ్రీలు తిప్పి, ఆ కోణం చెడకుండా చకచకా వెనక్కి పడుకోబెట్టి, తల మంచం మట్టం కంటే 20 డిగ్రీలు కిందికి ఉండేలా పట్టుకోవాలి. 45 డిగ్రీలు ఎందుకంటే, అప్పుడే వెనుక కుల్య వాలే దిక్కుకు సరిగ్గా వరుసలోకి వస్తుంది. కళ్లు తెరిచే ఉండాలని ముందే చెప్పాలి. ఆ తర్వాత అరనిమిషమైనా కదలకుండా కళ్లనే చూడాలి.

వెనుక కుల్యలో రేణువులుంటే కొన్ని సెకన్లు ఏమీ జరగదు. తర్వాత కళ్లు నుదుటి వైపు గుంజుతూ, వాటి పైభాగం కిందికున్న చెవి వైపు మెలితిరుగుతుంది. ఉధృతమై, నిమిషంలోపు సద్దుమణుగుతుంది. లేపి కూర్చోబెడితే వ్యతిరేక దిక్కుకు తిరుగుతుంది. మళ్లీ చేస్తే తగ్గుతుంది. ఈ లక్షణాలన్నీ కుదిరితే స్కాన్ అక్కర్లేదు. జాన్ ఎప్లీ 1992లో ప్రచురించిన పద్ధతితో అదే మంచం మీద రేణువులను తిరిగి తిత్తిలోకి దొర్లించవచ్చు.

పరీక్ష ఎక్కడ చెడుతుంది? నెమ్మదిగా పడుకోబెడితే రేణువులు కదలవు. రోగి భయంతో కళ్లు మూసుకుంటాడు. ఐదు సెకన్లు చూసి "ఏం లేదు" అని లేపేస్తారు. వచ్చే ముందే తిరుగుడు అణిచే మాత్ర వేసుకుని ఉంటారు. బాగా బాధపెడుతున్న వైపు ముందు చేసి, అలసిన కుల్యను మళ్లీ పరీక్షిస్తే రెండోసారి ఏమీ కనబడదు. ఆ రోజు రేణువులు ఒక చోట కుదురుకుని ఉండటం కూడా మామూలే. కథ సరిపోలితే ఒక్కసారి రాలేదని కొట్టిపారేయకుండా వారంలో మళ్లీ చేయాలి. మెడ వంగనివాళ్లకు, నడుం పట్టేసినవాళ్లకు పక్కకు పడుకోబెట్టి ఇదే పని చేయవచ్చు.

డిక్స్-హాల్‌పైక్‌లో ఏమీ రాక, పక్క మీద దొర్లితే మాత్రం తిరిగేవాళ్లకు అడ్డ కుల్యను చూడాలి. వెల్లకిలా పడుకోబెట్టి, తల 30 డిగ్రీలు ఎత్తి, ఒక వైపుకి 90 డిగ్రీలు తిప్పి చూసి, మళ్లీ రెండో వైపు చూడాలి. కళ్లు నేల వైపు గుంజితే ఏ వైపు ఉధృతం ఎక్కువో ఆ చెవిది జబ్బు. పైకప్పు వైపు గుంజితే తారుమారు, ఏ వైపు తక్కువో ఆ చెవిది. ఫోన్లో వీడియో చూసి ఇంట్లో ఎప్లీ చేసుకుని ఫలితం లేదనేవాళ్లలో కొందరిది ఈ అడ్డ కుల్య, మరికొందరిది తప్పు చెవి. ఎప్లీ వెనుక కుల్య కోసం పెట్టిన వరస.

వాల్చిన వెంటనే, ఆలస్యం లేకుండా కళ్లు సూటిగా కిందికి గుంజుతూ, తల అలాగే ఉంచినా ఆగకపోతే రేణువుల మీదికి నెట్టకూడదు. చిన్నమెదడు వైపు చూడాలి.

ఆగని తిరుగుడు: చెవా, మెదడా?

హఠాత్తుగా మొదలై గంటలు దాటినా ఆగని తిరుగుడు, వాంతులు, నిలబడలేకపోవడం ఉన్నప్పుడు మొదట తీసేది సీటీ. ఇది రక్తస్రావాన్ని పట్టగలదు గానీ, తల వెనుక గూట్లోని చిన్నమెదడుకూ మెదడు కాండానికీ రక్తం ఆగడాన్ని తొలి గంటల్లో చాలావరకు పట్టలేదు. సీటీ బాగుందని ఇంటికి పంపడం ప్రమాదకరం. ఎంఆర్ఐ మెరుగే, కానీ మొదటి 48 గంటల్లో అది కూడా పొరబడుతుంది. 2009లో జార్జ్ కట్టా బృందం 101 మంది మీద ప్రచురించిన అధ్యయనంలో తొలి ఎంఆర్ఐ 12 శాతం పక్షవాతాలను చూడలేకపోయింది. మంచం పక్కన చేసిన మూడు కంటి పరీక్షల వరస ఒక్కదాన్నీ వదల్లేదు. దానికే హింట్స్ అని పేరు.

మొదటిది తల విదిలింపు పరీక్ష. 1988లో సిడ్నీకి చెందిన హల్మాగీ, కర్థాయిస్ వర్ణించారు. రోగి డాక్టరు ముక్కు మీదే చూపు నిలపాలి. డాక్టరు అతని తలను పట్టుకుని ఎటు తిప్పబోతున్నదీ తెలియనివ్వకుండా 10 నుంచి 20 డిగ్రీలు చటుక్కున తిప్పుతారు. చెవి బాగుంటే చూపు కదలదు. చెవి దెబ్బతింటే కళ్లు తలతో పాటు వెళ్లి, తప్పు తెలుసుకుని గబుక్కున ముక్కు మీదికి ఎగురుతాయి. ఇక్కడే తలకిందుల తర్కం ఉంది: ఆగకుండా తిరుగుతున్న మనిషిలో ఆ ఎగురు కనబడితే ఊరట, కనబడకపోతే ప్రమాదం. చెవి బాగుండి కూడా తిరుగుతోందంటే లోపం మెదడులో ఉండవచ్చు.

రెండోది, చూపు ఎడమకూ కుడికీ మార్చినప్పుడు కంటి గుంజుడు దిక్కు మారుతుందా అన్నది. చెవి జబ్బులో ఎటు చూసినా ఒకే దిక్కు. దిక్కు మారినా, పైకీ కిందికీ గుంజినా మెదడును అనుమానించాలి. మూడోది ఒక్కో కన్నును మార్చి మార్చి మూయడం. మూత తీసిన కన్ను పైకో కిందికో సర్దుకుంటే రెండు కళ్ల మట్టం తప్పినట్టు, అది కూడా మెదడు వైపు గుర్తే. మూడింటిలో ఒక్కటి చెడ్డగా ఉన్నా పక్షవాతంగానే భావించి నడవాలి.

ఈ వరసకు రెండు షరతులున్నాయి, వాటిని మరిచిపోవడం మామూలైపోయింది. పరీక్షించే క్షణంలో తిరుగుడూ, కంటి గుంజుడూ ఉండాలి. తగ్గిపోయినవాడికి చేస్తే తల విదిలింపు మామూలుగానే ఉంటుంది, లేని పక్షవాతం ఉన్నట్టు అనిపిస్తుంది. రెండో షరతు చేసే చేతికి సంబంధించినది. ఆ 2009 ఫలితాలు కంటి కదలికల్లో ప్రత్యేక శిక్షణ ఉన్నవాళ్లవి. అలవాటు లేని చేతిలో అంత నమ్మకం పెట్టుకోలేం. తిరుగుడుతో పాటు హఠాత్తుగా ఒక చెవి వినబడకపోతే చెవి జబ్బే అని ధీమా పడకూడదు, లోపలి చెవికి రక్తం ఇచ్చే సన్నని ధమని మూసుకున్నా అలాగే ఉంటుంది. మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనబడటం, మింగలేకపోవడం, ఒక పక్క మొద్దుబారడం, ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, ఎన్నడూ లేని తలనొప్పో మెడనొప్పో ఉండటం, వీటిలో ఏదున్నా పరీక్షల గురించి ఆలోచించకుండా పెద్దాసుపత్రికి బయల్దేరాలి.

యంత్రాలు చెప్పేదెంత?

నెలల తరబడి వచ్చిపోయే తిరుగుడుకు యంత్ర పరీక్షలు అవసరపడతాయి. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే: ఒక్కో యంత్రం లోపలి చెవిలో ఒక్కో భాగాన్ని, అదీ ఒక్కో వేగంలో మాత్రమే అడుగుతుంది.

వీఎన్‌జీ అంటే పరారుణ కెమెరా ఉన్న కళ్లద్దాలు. చీకట్లో కంటిని రికార్డు చేస్తాయి. చీకటి ఎందుకంటే, చెవి వల్ల వచ్చే కంటి గుంజుడు ఏదో ఒకదాని మీద చూపు నిలిపితే అణిగిపోతుంది. వెలుతురులో టార్చి వేసి చూసి "నిస్టాగ్మస్ లేదు" అని రాసిన కాగితానికి అందుకే విలువ తక్కువ.

దీనిలో ముఖ్య భాగం కెలోరిక్ పరీక్ష, అంటే చెవిలో చల్లని, వేడి నీళ్లు పోసి కళ్లను చూడటం. వియన్నాలో రాబర్ట్ బారనీ చెవులు కడుగుతుంటే, నీళ్లు చల్లగా ఉన్నందుకే తల తిరుగుతోందని ఒక రోగి అన్నాడు. తర్వాత నీళ్లు వేడి చేస్తే కళ్లు రెండో దిక్కుకు గుంజడం చూసి ఆయన సూత్రం పట్టుకున్నారు. దానికి 1914 నోబెల్ వచ్చింది. ఆ కబురు అందేనాటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ. ఇప్పుడు చేసే పద్ధతిలో తలను 30 డిగ్రీలు ఎత్తి పడుకోబెడతారు, అప్పుడు అడ్డ కుల్య నిలువుగా నిలుస్తుంది. ఒక్కో చెవిలో 30, 44 డిగ్రీల సెల్సియస్ నీళ్లు, అంటే ఒంటి వేడికి ఏడు డిగ్రీలు తక్కువ, ఏడు డిగ్రీలు ఎక్కువ, సుమారు అరనిమిషం పోస్తారు. మొత్తం నాలుగు సార్లు, మధ్యలో కొన్ని నిమిషాల విరామం. వేడెక్కిన ద్రవం పైకి లేచి కుల్యను కదుపుతుందన్నది బారనీ వివరణ. 1983లో స్పేస్‌ల్యాబ్-1 అనే అంతరిక్ష ప్రయోగశాలలో బరువు లేని చోట కూడా కళ్లు గుంజాయి కాబట్టి అదొక్కటే కారణం కాదని తేలింది. పరీక్ష మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తోంది.

లెక్క ఇలా: కుడి చెవిలో రెండు సార్లూ కన్ను జారిన వేగాలు కలిపితే సెకనుకు 50 డిగ్రీలు, ఎడమవి కలిపితే 20 అనుకుందాం. తేడా 30ని మొత్తం 70తో భాగిస్తే 43 శాతం. చాలా ల్యాబులు 25 శాతం దాటితే ఎడమ బలహీనమని రాస్తాయి. ఈ అంకె వెనుక ఎన్నో తప్పులు దాగవచ్చు. ఒక చెవిలో గులిమి ఉంటే నీటి వేడి లోపలికి చేరదు, బలహీనత ఉన్నట్టే కనబడుతుంది. రోగి మగతలోకి జారితే నాలుగు అంకెలూ పడిపోతాయి. అందుకే నీళ్లు పోశాక ఊళ్ల పేర్లో కూరగాయల పేర్లో ఆపకుండా చెప్పిస్తారు, అదేదో కాలక్షేపం కాదు. కర్ణభేరికి చిల్లు ఉంటే నీళ్లు పోయకూడదు. తడిగా ఉన్న చిల్లు చెవిలో వేడిగాలి ఊదినా తడి ఆరుతూ చల్లబడుతుంది, కళ్లు తప్పు దిక్కుకు గుంజుతాయి. రెండు చెవులూ బలహీనమని వస్తే ముందుగా అడగాల్సింది నిన్న ఏ మాత్ర వేసుకున్నారని.

వీడియో తల విదిలింపు పరీక్ష, అంటే వీహిట్, మంచం పక్కన చేసే విదిలింపునే కెమెరాతో కొలుస్తుంది. ఆరు కుల్యలనూ విడివిడిగా చూడగలదు. తల వేగం సెకనుకు 150 డిగ్రీలైనా ఉండాలి, ఒక్కో వైపు ఇరవై దాకా విదిలింపులు కావాలి. కంటి వేగాన్ని తల వేగంతో పోల్చిన అంకె 1 దగ్గర ఉంటే మామూలు. అడ్డ కుల్యలో 0.8 కంటే తగ్గితే అనుమానించాలి, అదీ సర్దుబాటు ఎగుళ్లు గ్రాఫులో కనబడినప్పుడే. అంకె తక్కువై ఎగుళ్లు లేకపోతే ముందు కళ్లద్దాల పట్టీని అనుమానించాలి. పట్టీ వదులైనా, చేసేవాళ్ల వేళ్లు దాన్ని తాకినా అంకెలు మారతాయి. కాటుక పెట్టుకుని వస్తే కెమెరా ఆ నలుపును కనుపాప అనుకుంటుంది. పరీక్ష మళ్లీ చేయాల్సి రావడానికి ఇంత చిన్న కారణాలుంటాయి.

"వీహిట్ బాగుంది, కెలోరిక్ చెడ్డగా ఉంది, రెండింటిలో ఏది తప్పు?" అన్న ప్రశ్న తరచూ వస్తుంది. ఏదీ తప్పు కాదు. వీహిట్ రెప్పపాటు వేగంతో అడుగుతుంది. కెలోరిక్ ఐదారు నిమిషాలకు ఒక ఊపు పడేంత నిదానంతో అడుగుతుంది. మెనియర్స్‌లో ఈ రెండూ ఇలా విడిపోవడం బాగా తెలిసిన సంగతే. రెండింటిలో ఒకటే చేయించి "చెవి బాగుంది" అనుకోవడం తొందరపాటు.

కుల్యలు తిరగడాన్ని కొలిస్తే, వాలడాన్నీ ముందుకు సాగడాన్నీ కొలిచే తిత్తులు రెండున్నాయి. వాటి కోసం వెంప్ పరీక్ష. చెవిలో 500 హెర్ట్జ్ పెద్ద చప్పుడు వినిపించి మెడ కండరం నుంచి సంకేతం తీస్తే శాక్యూల్ అనే తిత్తి, చెవి నాడి కింది పాయ తెలుస్తాయి. కంటి కింద తీస్తే యుట్రికిల్, ఆ నాడి పై పాయ తెలుస్తాయి. మెడ బిగించి ఉంచకపోతే అల రాదు. మధ్య చెవిలో నీరున్నా రాదు. అరవై దాటినవాళ్లలో మామూలుగానే తగ్గుతుంది కాబట్టి ఒక్క "రాలేదు" అన్న మాటతో జబ్బు నిర్ణయించకూడదు. తన కనుగుడ్డు కదిలే చప్పుడు తనకే వినబడేవాళ్లకు, పెద్ద చప్పుడుకు తూలేవాళ్లకు మాత్రం ఇది అమూల్యం. పై కుల్య మీది ఎముకకు చిల్లుంటే చిన్న చప్పుడుకే పెద్ద అల వస్తుంది.

వినికిడి పరీక్షను చాలామంది అనవసరమనుకుంటారు. నిజానికి ఖర్చు తక్కువ, విలువ ఎక్కువ. మంద్ర స్వరాలు మాత్రమే వినబడటం తగ్గి మళ్లీ తేరుకుంటే మెనియర్స్ వైపు, ఒక చెవి మెల్లగా మొద్దుబారుతుంటే నాడి మీది గడ్డ కోసం ఎంఆర్ఐ వైపు దారి చూపిస్తుంది. మెడ ఎక్స్‌రే విషయానికొస్తే, నడివయసు దాటిన ఎవరికి తీసినా అరుగుదల కనబడుతుంది. తిరుగుడు లేనివాళ్లకూ కనబడుతుంది, అందుకే దాన్ని కారణంగా చూపడం కష్టం. మెడ ముందు ధమనుల డాప్లర్ (రక్తం పారడాన్ని చూసే స్కాన్) కూడా అంతే, లోపలి చెవికీ చిన్నమెదడుకూ రక్తం వెళ్లేది వెనుక ధమనుల నుంచి. మైగ్రేన్ తిరుగుడుకు అసలు యంత్ర పరీక్షే లేదు, వివరంగా విన్న కథే దానికి ఆధారం.

పరీక్షకు వెళ్లే ముందు

తిరుగుడు అణిచే మాత్రలు (ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్ వంటివి), నిద్రమాత్రలు 48 గంటల ముందు ఆపమంటారు. ఫిట్స్, గుండె, బీపీ, మానసిక జబ్బుల మందులు సొంతంగా ఆపకూడదు, రాసిన డాక్టరునే అడగాలి. ముందురోజు గులిమి తీయించుకోవాలి, కాటుక పెట్టుకోకూడదు, కడుపు నిండా తినకుండా వెళ్లాలి, తిరుగు ప్రయాణానికి బండి నడిపే మనిషిని వెంట తీసుకెళ్లాలి.

చాలామందికి పరీక్ష రోజున తిరుగుడే ఉండదు. అందుకని తిరిగినప్పుడే పక్కనున్నవాళ్లు ఫోన్లో కళ్లను వీడియో తీయడం మంచిది. రెండు కళ్లూ ముక్కూ కనబడేలా దగ్గరగా, కిటికీ వెలుతురులో, కనీసం ఒక నిమిషం తీయాలి. "సూటిగా చూడు, ఎడమకు చూడు, కుడికి చూడు" అని గొంతు వినబడేలా చెప్పిస్తూ, ఎలా పడుకున్నప్పుడు తీస్తున్నదీ పైకే చెప్పాలి. సెల్ఫీ కెమెరా వాడొద్దు. కొన్ని ఫోన్లు ఆ బొమ్మను అద్దంలోలా తిప్పేస్తాయి, కుడి చెవి జబ్బు ఎడమ చెవిదైపోతుంది.